కొంగా చేపా

"చేప" అని గట్టిగా అంది సలోమి టీచర్.

పిల్లలంతా ఒక్క ఉదుటున గాలిలోకి లేచారు. రమ్యశ్రీ మాత్రం లేవలేదు. గోడకు వీపు ఆనించి, మిగతా పిల్లల కాళ్ళకేసి చూస్తూ నిలబడింది.

శనివారం పుస్తకాల సంచులు తేనక్కర్లేదు. కొల్లేటి లంకలోని ఆ చిన్న బడిలో ఆ రోజు సంగీతం క్లాసు. సంగీతమంటే సరిగమలు అనుకునేరు. తాళం ముందు కాళ్ళకి ఎక్కాలి, తర్వాత గొంతుకి దానంతటదే ఎక్కుతుందని సలోమి నమ్మకం. ఏలూరులో తన చిన్నప్పుడు సండే స్కూలు పాటలన్నీ ఆమె అలాగే గెంతుతూ నేర్చుకుంది. అందుకే ఈ పిల్లల కోసం కొంగా చేపా ఆట కట్టింది. పాట పాడుతూ, తాళానికి తగ్గట్టు నడవాలి. టీచర్ "కొంగ" అంటే ఉన్నచోటే బిగుసుకుపోవాలి. "చేప" అంటే ఎగరాలి.

"ఏవండీ సలోమి గారూ, మీ క్లాసు అయ్యేసరికి నా బల్ల మీది గ్లాసు నేల మీద ఉంటోందండీ" అనేవారు హెడ్మాస్టర్ గంగాధరరావు. అంటూనే కిటికీలోంచి చూసి నవ్వుకునేవారు.

ఒకప్పుడు ఆ ఆటకి మహారాణి రమ్యశ్రీయే. చదివేది నాలుగో తరగతి. చేప అనే మాట టీచర్ నోట్లో సగం ఉండగానే ఎగిరేది. దాన్ని చూసి మొద్దు పిల్లలు కూడా కాళ్ళు కదిపేవారు.

రెండు నెలల కిందట దాని తమ్ముడు సాయితేజ పోయాడు. తండ్రి చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. అక్కా తమ్ముడూ పడవలో ఆయనకి అన్నం క్యారేజీ పట్టుకెళ్తుంటే గాలికి పడవ తిరగబడిందన్నారు అందరూ. రమ్యశ్రీ కిక్కిస గడ్డి పట్టుకుని బతికింది. ఐదేళ్ళ వాడికి ఆ గడ్డి అందలేదు.

పిల్ల బడికైతే వస్తోంది. ఎక్కాలు రాస్తోంది, హాజరు పలుకుతోంది. పాట మొదలైతే చాలు, గోడ దగ్గరకి వెళ్ళిపోతోంది. నడవడం కూడా మారిపోయింది. నేలను అడిగి అడుగు వేస్తున్నట్టు నడుస్తోంది.

"పోనీ, తాళం నువ్వు వెయ్యమ్మా" అని సలోమి ఓసారి కంజిర చేతికిచ్చి చూసింది. రమ్యశ్రీ దాన్ని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టేసింది.

 సంవత్సరీకం అయ్యేదాకా ఆటపాటలు వద్దని ఇంట్లో పెద్దలే కట్టడి చేసి ఉంటారనుకుంది సలోమి. నాలుగు మంచి మాటలు చెప్పి ఒప్పిద్దామని శుక్రవారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది.

రమ్యశ్రీ తల్లి వాకిట్లో చిరిగిన వల కుడుతోంది.

"మేమెందుకు ఆపుతామండీ టీచర్ గారూ" అంది. "ఆడుకోవే అని నేనే పోరుతున్నానండి. వినదు. నేర్చుకున్నది ఇంట్లో ఒకరికి నేర్పాలని మీరు చెప్పారంట కదండీ. పిల్లాణ్ణి ఎదురుగా నిలబెట్టి మీ పాటలన్నీ నేర్పేసేదండి. ఇల్లంతా గోలగోలగా ఉండేది. ఇప్పుడు మంచం మీద కూడా మెసలకుండా పడుకుంటదండి. ఊపిరి ఉందో లేదో అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను."

వల ఆమె ఒళ్ళో అలాగే ఉండిపోయింది.

"పోయినోడు ఎలాగూ రాడండి. ఉన్నదాన్నైనా నాకు తెచ్చిపెట్టండి. మీరంటే దానికి గురి."

సలోమి సరేనంది.  తిరుగు బస్సు ఏలూరు చేరేదాకా కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. ఆ తల్లికి ఇచ్చిన మాట నిలబెట్టలేకపోతే తాను టీచర్నే కాదనుకుంది.

అందుకే ఇవాళ ఆట మధ్యలో ఆపేసింది. పిల్లలందరినీ బయటికి పంపేసింది. రమ్యశ్రీ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. చల్లగా ఉన్నాయి.

"నా మీద కోపమా తల్లీ?"

పిల్ల కాదన్నట్టు తల ఊపింది.

"తమ్ముడు గుర్తొస్తున్నాడా?"

పిల్ల కళ్ళు నిండాయి. చూస్తున్న సలోమి కళ్ళూ నిండాయి. ఈ రెండు నెలల్లో అది ఏడవడం ఇదే మొదలు. దిగులు కరుగుతోంది, ఇంకొంచెం ఓపిక పడితే చాలు, పిల్ల దారిలో పడుతుందనుకుంది.

మెల్లగా పాట అందుకుంది. "గట్టు మీద కొంగమ్మా, నీటిలోన చేపమ్మా..."

రమ్యశ్రీ మడమలు కాస్త పైకి లేచాయి.  అంతలోనే ఆ మడమలు మళ్ళీ నేలకి అతుక్కున్నాయి.

"ఎగురమ్మా, ఒక్కసారి" అని బతిమాలింది సలోమి. "నేను పట్టుకున్నానుగా. ఏం కాదు."

రమ్యశ్రీ తలెత్తి టీచర్ ముఖంలోకి చూసింది.

"పడవలో ఆట ఆడుతూ నేను కూడా తమ్ముడికి ఇలాగే చెప్పానండి."