క్లచ్ లేని కారు

"ఎడమ కాలికి పని లేదు. ఇది క్లచ్ లేని కారు, గుర్తుంచుకో!" అన్నారు శ్రీవారు, పక్క సీట్లో బెల్టు బిగించుకుంటూ.

పెళ్ళయిన కొత్తలో ఆయన అరుపులకు బెదిరి డ్రైవింగుకి దండం పెట్టేసిన ఆవిడ, జుట్టు నెరిశాక మళ్ళీ స్టీరింగు పట్టింది. ఎడమ కాలు బుద్ధిగా వెనక్కి మడుచుకుంది. కారు పిల్లిలా చప్పుడు లేకుండా కదిలింది.

మలుపు తిరగగానే ఎదురుగా బస్సు. ఆవిడ నెమ్మదిగా బ్రేకు నొక్కింది. కారు ఆగింది. పక్కన మాత్రం ధన్‌మని చప్పుడు!

చూస్తే, ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు కాళ్ళతో కింది మ్యాట్‌ని తొక్కిపట్టి ఉన్నారు.

అంటే ఆనాటి అరుపులు కోపంతో కాదన్నమాట, భయంతో!

"ఏమండీ, బస్సు వెళ్ళిపోయింది, కళ్ళు తెరవండి," అంది నవ్వాపుకుంటూ. "మీకైతే రెండు కాళ్ళకీ పని లేదు."