వద్దన్న టేపు

"మీ ఆయన చేత ఒక్క సంతకం పెట్టిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అంటూ లాయరు రెనాతా కాగితాన్ని ఎలోదియా ముందుకు జరిపింది. పక్కన కూర్చున్న మరిది గాస్పర్ మెడ సాచి ఆ కాగితంలోకి చూశాడు.

ఎలోదియా భర్త బాల్తసార్ పద్నాలుగేళ్ళ క్రితం గ్వాటెమాలా నుంచి కాగితాలు లేకుండా వచ్చి, జార్జియాలోని ఆ చిన్న ఊళ్ళో కోళ్ళ ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. మనిషి మంచివాడే. సీసా కనిపిస్తే మాత్రం ఆగలేడు. ఆరేళ్ళ కిందట తాగి బండి నడుపుతూ దొరికి, జరిమానాతో బయటపడ్డాడు. మూడు వారాల క్రితం, ఆదివారం మధ్యాహ్నం, గాస్పర్ కొడుకు జ్ఞానస్నానం విందులో ఐసు అయిపోయింది. తెస్తానంటూ బాల్తసార్ తొమ్మిదేళ్ళ కూతురు నోయెమిని ఎక్కించుకుని ట్రక్కు తీశాడు. అప్పటికే అడుగులు తడబడుతున్నాయి. నలుగురూ నవ్వారు గాని ఎవరూ ఆపలేదు. పెట్రోలు బంకు దాటకముందే పోలీసులు ఆపారు. ఊళ్ళోని జైలు నుంచి ఇమిగ్రేషన్ వాళ్ళు అటునుంచి అటే తమ నిర్బంధ కేంద్రానికి పట్టుకుపోయారు.

"ఇది రెండోసారి" అంది రెనాతా. "ఈ కేసు రుజువైతే ఇమిగ్రేషన్ జడ్జి ఇతని నడవడి మంచిది కాదంటాడు. పదేళ్ళు దాటి ఇక్కడే ఉన్నా, కూతురు ఇక్కడే పుట్టినా లాభం లేదు, పంపించేస్తారు. ఒకటే దారి ఉంది. ఆయన బండి వంకరగా నడపడం పోలీసు కళ్ళారా చూడలేదు. ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేస్తే, ఆ మాట పట్టుకుని ఆపాడు. ఈ కాగితం మీద ఆయన సంతకం పెడితే ఆ ఫోన్ టేపు తెప్పించి, అసలు ఆపడమే చెల్లదని వాదిస్తాను."

"ఆ టేపు ఎవరెవరు వింటారు?" అని అడిగింది ఎలోదియా.

కోర్టులో వినిపిస్తారనీ, అక్కడున్న వాళ్ళంతా వింటారనీ చెప్పింది లాయరు. ఎలోదియా ఒళ్ళో చేతుల వంక చూసుకుంది. తర్వాత తలెత్తి, "తెప్పించండి" అంది.

ఇంటికి వెళ్ళే దారి పొడుగునా గాస్పర్ ఆ ఫోన్ చేసినవాళ్ళను తిడుతూనే ఉన్నాడు. వాళ్ళ నోరు పడిపోవాలన్నాడు. ఎదురింటి తెల్ల ముసలావిడ పనే ఇదని తేల్చేశాడు.

"ఆవిడ కాదు" అంది ఎలోదియా.

"నీకెలా తెలుసు వదినా? రోజంతా ఆ కిటికీ దగ్గరే కూర్చుంటుంది."

"పాపం, ఆవిడకి వీధి అవతలున్నది కనిపించదు గాస్పర్. ఉసురు పోసుకోకు."

ఎలోదియాకూ కాగితాలు లేవు. నిర్బంధ కేంద్రం గేటు దాకా వెళ్ళే ధైర్యం లేక, రెనాతా చేత ఆ సంతకం కాగితం పంపించింది. మర్నాడు బాల్తసార్ ఫోన్ చేశాడు. ఈ మాటలు రికార్డవుతున్నాయని ఎప్పటిలాగే ముందు ఒక గొంతు చెప్పింది. గాస్పర్ స్పీకరు పెట్టి పక్కనే నిలబడ్డాడు.

"సంతకం పెట్టను" అన్నాడు బాల్తసార్.

గాస్పర్ అరిచాడు. మతిపోయిందా అన్నాడు, పిల్ల ముఖం చూసైనా పెట్టమన్నాడు. ఎలోదియా ఫోన్ లాక్కుంది.

"నా మాట విను. ఏమైనా కానీ, ఆ టేపు తెప్పించుకో. నీకు దండం పెడతాను."

"వద్దన్నానా? ఇక ఆ ఊసెత్తకు" అని ఫోన్ పెట్టేశాడు.

తర్వాత ఎలోదియా రెండుసార్లు బతిమాలింది, లాయరు స్వయంగా వెళ్ళి నచ్చజెప్పింది. అతను బండరాయిలా కదల్లేదు. తాగిన మాట నిజమేనని కోర్టులో ఒప్పేసుకున్నాడు. తాగుడు మనిషిని పిరికివాణ్ణి చేసిందని గాస్పర్ అన్నాడు. ఇంటికి రావాలన్న ఆశ అతనికే లేదేమోనని ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు అనుకున్నారు. ఎలోదియాకు తిండి సయించలేదు. రెండు నెలలకు బాల్తసార్‌ను విమానం ఎక్కించి గ్వాటెమాలాకు పంపేశారు.

అక్కడి కొండల్లో, తల్లి దగ్గరకు చేరాక, ఒక ఉదయం ఫోన్ చేశాడు. నోయెమి బడికి వెళ్ళింది. ఇంట్లో ఎలోదియా ఒక్కతే ఉంది. నోయెమి బాగుందా, సరిగా తింటోందా అని ముందు అదే అడిగాడు. తను చుక్క ముట్టి మూడు నెలలు దాటిందన్నాడు.

ఎలోదియా ఇక పట్టలేకపోయింది. "ఒక్క సంతకం పెడితే ఇక్కడే ఉండేవాడివి కదా. ఎందుకు వద్దన్నావు?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"కోర్టులో గాస్పర్ ముందు వరసలో కూర్చునేవాడు. వాడి పెళ్ళాం, ఫ్యాక్టరీ వాళ్ళు, అందరూ వచ్చేవాళ్ళు. ఆ ఊళ్ళో వాళ్ళ మధ్యే నువ్వు బతకాలి" అన్నాడు బాల్తసార్. "ఆరోజు విందులో నవ్వనిది నువ్వొక్కదానివే. నోయెమి క్షేమంగా ఉంది. నాకది చాలు."

ఎలోదియా ఫోన్‌ను రెండు చేతులతో చెవికి అదుముకుంది.

"ఆ టేపులో ఉన్నది నీ గొంతు."