దేవుని పిడికెడు

రాజకుమారి చెయ్యి మోచేతిదాకా బియ్యం బస్తాలో ఉండగా తలుపు చప్పుడైంది.

"బిడ్డా, ఇంట్లనే ఉన్నవా?"

ఎదురింటి సారవ్వ గొంతు. రాజకుమారి చెయ్యి లాక్కుంది, బస్తా మూతి బిగించింది, పైన దుప్పటి కప్పింది. ఇంత చేసీ ఏమీ ఎరగనట్టు కొంగు సర్దుకుంటూ వెళ్లి తలుపు తీసింది.

ఆ బస్తా రాజకుమారిది కాదు, దేవునిది. గోదావరిఖనిలోని ఆ చిన్న చర్చి ఆడవాళ్లు వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుని పేరిట పక్కకు తీస్తారు. శనివారం శనివారం అవన్నీ స్త్రీల సమాజం పెద్ద రాజకుమారి ఇంటికి చేరతాయి. నెలాఖరు ఆదివారం ఆ బస్తా ఎవరో ఒక లేనివాళ్ల ఇంటికి పోతుంది. ఈ నెల సారవ్వకు ఇద్దామని పాస్టరుగారికి చెప్పింది రాజకుమారే. మొగుడు పోయి, బస్టాండు ఊడ్చుకు బతికే ముసల్దానికి కాక ఇంకెవరికిస్తారు?

సారవ్వను చర్చికి తెచ్చింది కూడా ఆమే. మొగుడు పోయిన దుఃఖంలో అన్నం ముట్టని సారవ్వ దగ్గరికి నలభై రోజులు గిన్నె పట్టుకుని పోయింది. పక్కన కూర్చుని తినిపించింది, ప్రార్థన చేసింది. "ఉన్నదాంట్ల పిడికెడు ఆయనకు తియ్యి అవ్వా, నీ కుండ ఎండదు" అని నేర్పింది.

ఇప్పుడా అవ్వకు చేరాల్సిన బియ్యాన్నే తను మూడు రోజులుగా దొంగిలించి వండుతోంది.

"ఇగో, నా పిడికెడు" అంటూ సారవ్వ చెంబు చేతికిచ్చింది.

చెంబు బరువుగా ఉంది. "ఇది పిడికెడా అవ్వా? రెండు సోలలుంటది!"

"ఉండనీ తియ్యి. గంజి ఉన్నదా జర? మేకకు పోస్త."

"లేదవ్వా. అత్తెసరు పెడుతున్న."

"పదిహేను రోజుల సంది గదే మాటంటున్నవు."

రాజకుమారికి తల కొట్టేసినట్టయింది. ఏం చెబుతుంది? తెలంగాణ కోసం సమ్మె మొదలై నెల దాటింది. బొగ్గుబాయిలోకి దిగేవాడు లేడు, జీతం లేదు. తక్కినవాళ్లకు ఊళ్లో ఎకరమో అరెకరమో ఉంది, అక్కణ్నుంచి ఇన్ని గింజలు వస్తున్నాయి. ఆమె మొగుడు సదయ్యకు బాయి తప్ప గుంట భూమి లేదు. కిరాణా కొట్టాయన ఉద్దెర ఆపేశాడు. అయినా పోయిన ఆదివారం పాస్టరుగారు "ఎవరింట్లనన్న తిండికి ఇబ్బందుంటే చెప్పుండ్రి, సిగ్గుపడకుండ్రి" అంటే, అందరికంటే ముందు లేచి "మాకేం ఫికర్ లేదయ్యగారూ, దేవుడు సల్లగ చూస్తుండు" అన్నది ఎవరనుకున్నారు? ఈమెగారే! పైన పటారం, లోన లొటారం. రోజూ వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసి, పొగ వాడంతా కమ్మేలా చూసేది. పొయ్యి మీద మాత్రం గరిటెడు మక్కపిండి కలిపిన నీళ్లు.

కూతురు శోభ కళ్లు తిరిగి గడప మీద పడ్డ రోజున మొదటిసారి బస్తా మూతి విప్పింది. ఒక్కపూటకే అనుకుంది. ఆకలికి ఒక్కపూట లెక్క తెలుస్తుందా?

"రేపేనా బిడ్డా, బస్తా ఇచ్చేది?"

"ఆఁ... రేపే."

"మంచిగ నిండిందా?"

ఆ ముసలి మొహంలో ఆశ చూసేసరికి రాజకుమారికి భూమి చీలితే బాగుండుననిపించింది. నలుగురికీ వాక్యం చెప్పే నోరు, ఒక విధవరాలి బువ్వ తిన్న నోరు ఒకటే. తూ, ఏం బతుకిది! ఇక ఆగలేకపోయింది.

"అవ్వా, నేను దొంగను."

"ఏం మాటే అది?"

"నీకియ్యాల్సిన బియ్యం మూడు దినాల సంది తీసి వండుతున్న. నీ నోటికాడి బుక్క గుంజిన. నువ్వు తలుపు కొట్టినప్పుడు గూడ నా చెయ్యి బస్తాలనే ఉండె." దుప్పటి లాగి చూపించింది. అక్కడే కూలబడి ఏడ్చింది.

సారవ్వ నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు తెల్వదనుకున్నవా? అన్నం ఉడికిన వాసన నా ఇంటికి రాదా? పన్నెండు దినాలు రాలె. మూడు దినాల సంది వస్తున్నది."

"తెల్సి గూడ ఊకున్నవా?" రాజకుమారి ముఖం దాచుకుంది. "వద్దవ్వా. రేపు నన్ను అందరి ముందట నిలబెట్టు. పాస్టరుగారికి చెప్పు."

"చెప్పిన."

రాజకుమారికి ఇరవై ఏళ్లుగా ముందు వరసలో కూర్చున్న చాప, తను పాటెత్తితే కలిసే గొంతులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. రేపు ఆ గడప ఎట్లా తొక్కుతుంది?

"ఎప్పుడు చెప్పినవు?"

"పోయిన ఆదివారం. నువ్వు లేచి ఫికర్ లేదన్నవు సూడు, ఆరాధన అయిపోంగనే పొయ్యి చెప్పిన."

"పోయిన ఆదివారమా?" రాజకుమారి తలెత్తింది. "అప్పటికి నేను బస్తా ముట్టనే లేదు గదా! ఏమని చెప్పినవవ్వా?"

సారవ్వ ఆమె కళ్లు కొంగుతో తుడిచింది.

"బస్తాకు నా పేరు తీసేపిచ్చి నీ పేరు పెట్టిచ్చిన."