స్వెటర్ ఉంది కదా

ఆఫీసులో నా కుర్చీకి స్వెటర్ తగిలించి, బల్ల మీద పాత కళ్లజోడు తెరిచిపెట్టి, ఎవరికీ చెప్పకుండా ఇంటర్వ్యూకి జారుకున్నాను. చూసినవాళ్లు ఇక్కడే ఎక్కడో ఉన్నాడనుకుంటారు. కొత్త ఉద్యోగం దొరికేదాకా పాతది పోకూడదు. పామూ చావాలి, కర్రా విరక్కూడదు.

ఇంటర్వ్యూ చేసినావిడకు నేను నచ్చినట్టున్నాను. “రండి, మీరు కూర్చోబోయే చోటు చూపిస్తాను” అని లోపలికి తీసుకెళ్లింది.

కిటికీ పక్కన కుర్చీ. దాని వీపుకి బూడిదరంగు స్వెటర్ వేలాడుతోంది. భుజాల మీద దుమ్ము పేరుకుపోయింది.

“ఇదెవరిదండీ?”

“మీకు ముందు ఇక్కడ పనిచేసినాయనది.” ఆవిడ గొంతు తగ్గించింది. “మాకు తెలీకుండా వేరే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి బయల్దేరాడట. దారిలో లారీ గుద్ది చనిపోయాడు. వాళ్లావిడ వెతుక్కుంటూ వచ్చేదాకా మాకెవరికీ తెలీదు. స్వెటర్ ఉంది కదా, ఇక్కడే ఎక్కడో ఉన్నాడనుకున్నాం. తర్వాత తీసేయడానికి చేతులు రాలేదు.”

బయటికి రాగానే మా ఆఫీసుకి ఫోన్ చేశాను. మేనేజరు ఎత్తాడు. ఏళ్ల తరబడి నా గొంతు వింటున్నవాడు, పోల్చుకోకపోతాడా అనుకుంటూ, నా పేరే చెప్పి, ‘ఉన్నాడా?’ అని అడిగాను.

“ఉన్నాడండీ, సీట్లోనే. పొద్దుట్నుంచి తల ఎత్తితే ఒట్టు. పిలవమంటారా?”

“వద్దండీ” అని పెట్టేశాను.

పిలిస్తే, అక్కడ ఎవరైనా పలుకుతారేమోనని భయం వేసింది.