చీటీ మీద పేరు

గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది.

బుధవారం: వెనక చెక్కకు ఎపాక్సీ పట్టించాలి.

గురువారం: ఉప్పుకాగితంతో రుద్దాలి.

శుక్రవారం: లక్క పాలిష్.

శనివారం పొద్దున: తీగలు బిగించాలి. లోపల చీటీ అంటించాలి. మధ్యాహ్నం గంట కొట్టేలోపు గిటార్ల పోటీ పందిట్లో పెట్టాలి.

చీటీ అప్పటికే అచ్చయి వచ్చింది. "చేసినవాడు: నికాంద్రో ఉయిపే, పరాచో."

పరాచో ఊళ్లో తాతా అబుందియో దుకాణంలో నికాంద్రో పంతొమ్మిదేళ్లు గిటార్లు చేశాడు. ఒక్కదానిలోనూ అతని పేరు లేదు. అన్నిటిలోనూ అబుందియో చీటీయే. ఈ గిటారు పోటీలో నిలిస్తే సొంత బోర్డు పెట్టుకుంటాడు. నిలవకపోతే సోమవారం మళ్లీ అబుందియో బల్ల దగ్గరికే.

బుధవారం తెల్లవారేసరికి వాన పట్టుకుంది. కొండ చలి గదిలోకి వచ్చి కూర్చుంది.

"కురువు, బాగా కురువు! ఇన్నాళ్లూ నాకోసమే దాచుకున్నావా?" ఆకాశాన్ని తిట్టాడు నికాంద్రో.

రోజ్‌వుడ్ చెక్క ఒంటినిండా సూదిమొనంత గుంటలుంటాయి. వాటిని ఎపాక్సీతో పూడిస్తేనే పైన పాలిష్ అద్దంలా నిలుస్తుంది. రెండు సీసాలు. ఒకదానిలో జిగురు, రెండో దానిలో దాన్ని గట్టిపరిచే మందు. సగానికి సగం కలపాలి. చలికి అది ఆలస్యంగా గట్టిపడుతుంది. ఆలస్యమైతే పోటీ పోయినట్టే.

గిన్నెలో ఒక మూతెడు జిగురు పోశాడు. తొందరగా గట్టిపడాలని మందు మాత్రం ఒకటిన్నర మూత పోశాడు.

"మందు ఎక్కువైంది నాయనా."

గుమ్మం బయట ఒక ముసలావిడ. నీలం శాలువా తడిసి ముద్దయింది. పక్కన గడప మీద బుట్ట. అందులో మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించిన పిండి కుడుములు, వేడి వేడి కొరుండాలు.

పెద్దాయన్ని "తాతా" అన్నట్టే, పెద్దావిడ గుమ్మంలోకి వస్తే "నానా" అని పిలిచి కూర్చోమనడం ఊరి మర్యాద. నికాంద్రో పిలవలేదు.

"నాకేం వద్దు. పక్కింట్లో అడుగు, కొంటారు."

"ఆ గిన్నె పారబొయ్. మందు ఎక్కువైతే తొందరగా గట్టిపడదు, అసలుకే గట్టిపడదు. సీసాల్ని వేణ్ణీళ్లలో పెట్టి, సగానికి సగం కలుపు."

"ఓహో! కొరుండాలకి కూడా ఎపాక్సీ పట్టిస్తున్నావా ఏంటి?"

"పూసిన చెక్కని పొయ్యి దగ్గర పెట్టుకో. పొద్దుటికి..."

"నాకు నేర్పింది ఎవరనుకున్నావు? తాతా అబుందియో! ఈ పద్ధతి కనిపెట్టిందే ఆయన. ఆయన కంటే గొప్పదానివా నువ్వు?"

ఆవిడ తడిసిన శాలువా అంచు పిండుకుంది.

"ఒకటిన్నర పొయ్యమని ఆయన చెప్పాడా?" అని మాత్రం అడిగింది.

ఆ మాట సూటిగా తగిలింది. తగిలినచోటే కోపం భగ్గుమంది.

"నడు! నడు ఇక్కణ్ణించి!" అంటూ వచ్చి బుట్టను కాలితో తన్నాడు. కొరుండాలు బురదలో దొర్లాయి.

ఆవిడ వంగి ఒక్కొక్కటే ఏరుకుంది.

"కోపం ఉండొచ్చు నాయనా. చెక్క మీద మాత్రం చూపించకు" అని వానలోకి వెళ్లిపోయింది.

నికాంద్రో పంతం కొద్దీ ఆ గిన్నెలోదే పట్టించాడు.

గురువారం వేలు పెడితే పాకంలా సాగింది. శుక్రవారం ఉప్పుకాగితం అందులో ఇరుక్కుని చిరిగింది. కత్తితో గీకితే జిగురుతోపాటు పల్చటి చెక్క కూడా లేచొచ్చింది. శనివారం మధ్యాహ్నం గంట కొట్టింది. గిటారు బల్ల మీదే ఉంది.

కాసేపటికి అబుందియో వచ్చాడు.

"వెక్కిరించడానికి వచ్చారా తాతా?"

అబుందియో వేలితో చెక్కను తాకి చూశాడు. "మందు ఎక్కువ పోశావు. ఎవరూ చెప్పలేదురా?"

"కొరుండాల ముసలిదెవరో గుమ్మంలో నిలబడి వాగింది. తరిమేశాను."

అబుందియో మొహం పాలిపోయింది. "గడప దాటి లోపలికి రాలేదు కదూ?"

"లేదు. మీకెలా తెలుసు?"

"రాకూడదు గనక. ఆ మందు గాలి సోకితే చాలు, ఒళ్లంతా పుళ్లు లేస్తాయి ఆవిడకి. నువ్వు రాకముందు పదకొండేళ్లు నా దుకాణంలో ఉత్త చేతులతో పట్టించింది. చేతులు పాడయ్యాక నేనే పంపేశాను."

నికాంద్రో సంతకు పరుగెత్తాడు. నీలం శాలువా నానా ఎక్కడ, కొరుండాలమ్మే నానా ఎక్కడ అని కనిపించినవాళ్లందరినీ అడిగాడు.

"ఆవిడెప్పుడు అమ్మింది?" అంది కూరలావిడ. "అబుందియో దగ్గర పనిచేసినవాడెవడో సొంత పేరు పెట్టుకుంటున్నాడని విని, వాడికోసం వండి పట్టుకెళ్లింది. తిన్నాడో లేదో మరి. గురువారం బస్సెక్కింది, కూతురి దగ్గరికి. ఇల్లు కూడా ఖాళీ చేసేసింది. ఇక రాదు."

తిరిగొచ్చేసరికి అబుందియో ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఆవిడకి ఈ పని మీరే నేర్పారా?"

"లేదు. ఆవిడే నాకు నేర్పింది."

"మరి కనిపెట్టింది మీరేనని..."

"నేనే చెప్పుకున్నాను."

"ఒక్క చీటీ మీదైనా ఆవిడ పేరు రాయాలనిపించలేదా?" నికాంద్రో అరిచాడు.

"నీ పేరు మాత్రం ఎక్కడ రాశానురా?"

నికాంద్రో పిడికిలి బిగించాడు. కొట్టాల్సింది ఎదురుగా ఉన్న ముసలాణ్ణా, బుట్టను తన్నిన తన కాలినా, అతనికి తేలలేదు.

అబుందియో చీటీ ఉన్న గిటారు ఎప్పుడైనా మీ చేతికొస్తే, అద్దంలాంటి ఆ వెనక చెక్కలో మీ మొహం చూసుకునేటప్పుడు, ఆ నునుపును మొదట కనిపెట్టి తన చేతులే పాడుచేసుకున్న మనిషి పేరు నానా ఎర్మెలిందా ఎకీవా అని దయచేసి గుర్తుపెట్టుకోండి.