మచ్చలేని ఖాతా

"నోట్లడుగు, ఇప్పిస్తాను. కంటికి కనబడని ఆ నాణేలు మాత్రం చచ్చినా ఇవ్వను," అన్నాడు కుర్చీకి కట్టేసి ఉన్న ఆడిటరు.

కిడ్నాపరు తల పట్టుకున్నాడు. ఆయన భార్యకు ఫోన్ చేస్తే, "ముందు ఆయన్ని ఒప్పించుకో బాబూ, తర్వాత చూద్దాం," అని పెట్టేసింది.

"సార్, ఈ రోజుల్లో నోట్లెవరు మోస్తారండీ? ఆ క్రిప్టో నాణేలైతే మీ ఫోన్లోంచి నా ఫోన్లోకి చిటికెలో వచ్చేస్తుంది."

"అది దొంగల డబ్బయ్యా!"

"మరి నేనెవర్ని సార్?"

ఆడిటరు మాట మార్చాడు. "దాని వెనక ప్రభుత్వం లేదు, బ్యాంకు లేదు. అసలు దాన్ని డబ్బని ఎవరన్నారు?"

"జనం నమ్ముతున్నారుగా. మీ నోటు మాత్రం ఏంటి? కాగితమేగా!"

"కాగితమే. కానీ నోటుకు నోరు లేదు. నీ నాణెం ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి పోయిందో అంతా నమోదై ఉంటుంది. లోకంలో ఎవడైనా చూడొచ్చు, పోలీసులతో సహా."

కిడ్నాపరు గబుక్కున తన ఫోన్ తీసి చూసుకున్నాడు. ఇంతకుముందు తాను ఎత్తుకొచ్చినవాళ్లు ఇచ్చిన సొమ్మంతా క్రిప్టోగా అందులోనే ఉంది. దాంతో బేకరీ పెట్టి, ఈ పాడు పని మానేస్తానని భార్యకు మాటిచ్చాడు. పాపం, బేకరీకి పేరు కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

"ఇప్పుడెలా సార్? పెళ్లాం బిడ్డలున్నవాణ్ణి!"

"వదిలించుకునే దారి ఒకటుంది. అయినా నాకెందుకులే ఆ గొడవ."

"మీ కాళ్లు పట్టుకుంటాను," అంటూ నిజంగానే పట్టుకున్నాడు. కాళ్లు కుర్చీకి కట్టేసి ఉండటంతో ఆయనకు వెనక్కి లాక్కునే వీల్లేకపోయింది.

"సరే, ఏం చేస్తాం! నాలాంటి మచ్చలేని మనిషి ఖాతాలోకి తోసెయ్. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను. ముందు కట్లు విప్పి, నా ఫోనిలా ఇవ్వు."

కిడ్నాపరు కట్లు విప్పి, ఉన్నదంతా ఊడ్చి ఆయనకు పంపేశాడు. బేకరీ పోయినందుకు ఏడుపొచ్చింది, జైలు తప్పినందుకు నవ్వొచ్చింది. ఇంత మంచివాణ్ణి ఎత్తుకొచ్చానే అని సిగ్గుపడి, ఆయనకు మంచినీళ్లిచ్చి, టాక్సీకి చిల్లర చేతిలో పెట్టి, మెట్లదాకా సాగనంపాడు.

తలుపు వేయబోతుంటే, మెట్లు దిగుతూ ఆడిటరు ఫోన్లో భార్యతో అంటున్న మాటలు వినిపించాయి.

"ఏమోయ్, వీడి పనైపోయింది. రేపు నన్నెత్తుకుపోవడానికి ఇంకెవణ్ణయినా చూసిపెట్టు."