ఊడ్చిన చేయి

"అవ్వా, టిఫిన్లు సభ అయినంకనే," అంది శ్యామల.

వెనక వరుసలో కూర్చున్న ముసలామె నవ్వింది. "టిఫినుకు రాలె బిడ్డా. సారు పుస్తకం సదివితే ఇందామని ములకలపల్లి కాడ బస్సెక్కిన."

రెండువేల ఆరు. పాల్వంచలో ప్రభాకర్ సార్ హైకూల పుస్తకం ఆవిష్కరణ. పదో తరగతి నుంచీ శ్యామలకు ఆయనే గురువు, ఆయన మాటే వేదం. ముందుమాట రాసే అదృష్టం కూడా తనకే దక్కేసరికి కాళ్లు నేల మీద నిలవడం లేదు.

మైకు అందుకుని చదివింది.

"ఊడ్చిన చేయి లేదు
ఇప్పపువ్వు రాలుతూనే ఉంది
ఎవరూ ముట్టరు.

ఊడ్చిన చేయంటే అహం. రాలే పువ్వు కాలం. ముట్టకపోవడం వైరాగ్యం. సార్ మీద జపాన్ కవుల ప్రభావం ఎంత లోతుగా ఉందో చూడండి!"

చప్పట్లు.

ముసలామె లేచి నిలబడింది.

"గది అహం కాదు బిడ్డా. నిజంగనే చెయ్యి. పువ్వు రాలకముందు చెట్టుకింద ఎవలు ఊడ్చి పెడితే పువ్వు వాళ్లదే. ఊడ్చినోళ్లు సచ్చిపోతే ఆ యేడు మా ఊళ్లె ఎవ్వలు ముట్టరు."

సభ గొల్లున నవ్వింది.

"కవిత్వాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవద్దవ్వా," శ్యామల ముద్దుగా మందలించింది.

"గట్లనా? మరి అండ్ల దూలయ్య పేరున్నదా?"

"హైకూలో పేర్లుండవు."

వేదిక మీద సార్ మాత్రం నవ్వలేదు. తలొంచుకుని నీళ్లు తాగాడు.

ముసలామె టిఫిన్ ముట్టకుండానే వెళ్లిపోయింది.

సార్ తలెందుకు దించుకున్నాడు? ఆ ప్రశ్న శ్యామలను నెలల తరబడి నిలవనీయలేదు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ములకలపల్లి బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ ఆ అవ్వ ఊరు చేరింది.

ఊరి బయట ఒక ఇప్పచెట్టు కింద నేల నున్నగా ఊడ్చి ఉంది. పువ్వంతా దాని మీదే ఎండిపోతోంది.

పక్క చెట్టు కింద మొండయ్య అనే రైతు పువ్వు ఏరుకుంటున్నాడు.

"పాల్వంచ సభకొచ్చిన అవ్వ ఇల్లెక్కడ?"

"రామక్కనా? పోయిన వారమే గా చెట్టుకింద ఊడ్చింది. మూడోనాడు పానం పోయింది."

"మరి దూలయ్య?"

"ఆమె పెనిమిటి. ఆయన సచ్చిపోయిన యేడు ప్రభాకర్ సారొచ్చి, పువ్వెందుకు ఏరుతలేరని అడిగిండు. రామక్క ఏడ్సుకుంట జెప్పింది. దూలయ్య పేరు పుస్తకంల ఏస్తనని చేతిల చెయ్యేసి పోయిండు."

దేవుడనుకున్న మనిషి. శ్యామలకు తను రాసిన నాలుగు పేజీల ముందుమాట తలుచుకుంటే ఒళ్లంతా సిగ్గుతో మండింది.

"ఏం చెప్పిందామె?"

మొండయ్య ఎండుతున్న పువ్వు వైపు చూశాడు.

"ఊడ్చిన చెయ్యి లేదు సారూ, ఇప్పపువ్వు రాలుతనే ఉన్నది, ఎవ్వలు ముట్టరు అన్నది."